నీ పాటలో ముందు కింది గొంతు వెతుకు

చిరంజీవి అమ్మలుకి పెద్ద మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన రెండు నిమిషాల పాట నాలుగుసార్లు విన్నాను. మొదట వాన చప్పుడు, తర్వాత గంట, దాని మీద ఆర్గాన్, ఆపైన నెట్‌లో దొరికిన లాటిన్ మాటలతో కోరస్, చివర డ్రమ్ములు. "చీకటిగానూ ఉండాలి, అందంగానూ ఉండాలి మావయ్యా, ఎంత చేసినా హారర్ సినిమాలా వస్తోంది" అని రాశావు. ఎంత కష్టపడ్డావో వినగానే తెలిసింది. అందుకే బాగుందని చెప్పి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

2025 సెప్టెంబరులో నన్ను 'డీమన్ స్లేయర్' అనే జపాన్ యానిమేషన్ సినిమాకి తీసుకెళ్లావు, గుర్తుందా? తెలుగు మాటలతో చూశాం. ఇంటికొచ్చాక, దానికి సంగీతం చేసిన ఇద్దరిలో యుకి కజియురా ఒకరని చెప్పి, ఆమె 2011లో 'మడోకా మాజికా' అనే జపాన్ యానిమేషన్ సీరియల్‌కి చేసిన పాటలు వినిపించావు. అప్పటి నుంచి పొద్దున్నే కాఫీ తాగుతూ అవే వింటున్నాను. నీకు గురువు అక్కడే ఉంది. నేను విన్నది విన్నట్టు చెబుతాను.

ఆ కథలో మామి అనే అమ్మాయికి 'క్రెడెన్స్ జస్టిషియమ్' అనే పాట ఉంది. న్యాయాన్ని నమ్ముతూ అని ఆ పేరుకి అర్థం. ఊరేగింపులో నడిచినట్టు వెలుగుతో సాగే పాట. మూడో ఎపిసోడ్‌లో ఆ పిల్ల తనకింక తోడు దొరికిందన్న సంతోషంతో ఆ పాట మీదే పోరాటానికి దిగుతుంది. అక్కడే చనిపోతుంది. పాట ముందుగా మనకి ఏ సూచనా ఇవ్వదు. ఆ పిల్ల ఎంత సంతోషంగా ఉందో అంతే పలుకుతుంది. ఆ తర్వాత అదే పాట విడిగా విన్నా మనకి గొంతు పట్టేస్తుంది. నువ్వేమో మొదటి సెకను నుంచే భయపడమని చెబుతున్నావు. వినేవాళ్లకి ముందు పోగొట్టుకోవడానికి ఏదైనా ఇవ్వాలి కదా తల్లీ. ఆ వాననీ గంటనీ తీసెయ్యి. ఒక మంచి రాగం, జోలపాటంత సాదాది, ముందు పెట్టు.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నదే. నాకు పాతికేళ్లప్పుడు తెనాలి దగ్గర ఒక ఊళ్లో హరిశ్చంద్ర నాటకానికి హార్మోనియం పట్టాను. కాటి సీను వచ్చింది. శోకమంతా నేనే పలికించాలనుకుని, పద్యానికీ పద్యానికీ మధ్య వేళ్లు ఊరుకోనివ్వలేదు. రెండో పద్యం దగ్గర హరిశ్చంద్రుడు వేసినాయన నావైపు తిరగకుండానే చెయ్యి మెల్లగా కిందికి దించాడు. నేను ఒక్క షడ్జం, అంటే 'స', పట్టుకుని ఆగిపోయాను. ఆయన గొంతొక్కటే మిగిలింది. ముందు వరసలో ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ చెయ్యి ఇప్పటికీ నాకు కనిపిస్తూనే ఉంటుంది.

ఇక స్వరాల సంగతి. నువ్వు మైనర్ స్కేల్ అంటున్నది మన నఠభైరవి రాగమే. అందులో కైశికి నిషాదం, అంటే కింది 'ని', తీసి దాని పక్కనే పైనున్న కాకలి నిషాదం పెడితే కీరవాణి రాగం. ఈ ఒక్క స్వరం మీద చాలా ఆధారపడి ఉంది. కైశికితో ఉంటే పాట దిగులుగా కూర్చుంటుంది. కాకలి వచ్చిందంటే పై షడ్జానికి వెళ్లక తప్పదు, ఎవరో చెయ్యి పట్టి లాగినట్టుంటుంది. హార్మోనియం మీద కింది స్థాయిలో ఇలా దిగి చూడు: షడ్జం, కైశికి నిషాదం, శుద్ధ ధైవతం, పంచమం. చివరి పంచమం మీద మాత్రం కాకలి నిషాదం, రిషభం కలిపి నొక్కు. ఐరోపాలో 17వ శతాబ్దంలోనే విలాప గీతాలకి ఈ దిగే మెట్లు వాడారు. నీ పాటలో కాకలి నిషాదం మొదటి నుంచి చివరిదాకా ఉంది, అందుకే దానికి బలం పోయింది. నిమిషంన్నర దాచి ఒక్కసారి వదులు.

గమకాలు, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, నీకు చేతిలో ఉన్నాయి కాబట్టి అన్నిచోట్లా పెట్టాలనిపిస్తుంది. కింద కార్డు, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి, మోగుతున్నప్పుడు పైన గాంధారాన్ని ఊపితే రెండూ మసకబారతాయి. అక్కడ స్వరం నిలబెట్టి పాడు. కార్డులన్నీ ఆగిపోయిన చోట వయొలిన్ ఒంటరిగా ఉంటే, అక్కడ ఎంత ఊపినా నీ ఇష్టం.

కోరస్ దగ్గర ఎక్కువసేపు ఆగాలి. కజియురా చాలా పాటల్లో ఏ భాషా కాని అక్షరాలు పాడిస్తుంది. అభిమానులు దాన్ని కజియురా-గో అంటారు, గో అంటే జపనీస్‌లో భాష. 'సిస్ పుయెల్లా మాజికా' మళ్లీ విను, పేరు లాటినే గానీ పాడే మాటలకి అర్థం లేదు, వాటిని ధ్వని కోసమే పేర్చింది. మనకిది కొత్తేం కాదు. తిల్లానాలో ధీం తన అంటే అర్థం ఎవరడుగుతారు? కాబట్టి ఆ లాటిన్ ప్రార్థన తీసెయ్యి. దాని అర్థం నీకే తెలియనప్పుడు అది అలంకారంగానే ఉంటుంది. నీ రాగానికి ఏ అచ్చు ఎక్కడ కావాలో చూసుకో. తారస్థాయిలో 'ఈ' అని సాగదీస్తే గొంతు బిగుస్తుంది, 'ఆ' అంటే తెరుచుకుంటుంది. అచ్చులు కుదిరాక హల్లులు వాటంతటవే వస్తాయి.

ఆమె ఏర్పాటు చేసిన కలాఫినా బృందంలో ముగ్గురు అమ్మాయిలుండేవారు. అందరూ పై గొంతునే వింటారు. నువ్వు వారం రోజులు వాళ్లలో కెయికో పాడే కింది గొంతు ఒక్కటే పట్టుకుని, కూనిరాగం తీస్తూ కాగితం మీద స్వరం రాసుకో. చీకటి అక్కడ ఉంటుంది, డ్రమ్ముల్లో కాదు. నువ్వు మూడు గొంతులూ పైనే పెట్టావు, కింద ఏమీ లేదు.

ఉద్యోగం మానేసి దీంట్లోకి దిగనా అని కూడా అడిగావు. ఇప్పుడే వద్దు. కజియురా కూడా ముందు కంప్యూటర్ ప్రోగ్రామర్‌గా పనిచేసింది, సీ-సా బృందంతో తొలి రికార్డు 1993లో వచ్చింది, అప్పటికి ఆమెకి దాదాపు 28 ఏళ్లు. నీకింకా 23.

సాఫ్ట్‌వేర్‌లో చెల్లో వాడినప్పుడు స్వరాలన్నీ ఒకే బరువుతో రానివ్వకు. నువ్వు వయొలిన్ వాయించేదానివి, కమాను ఎక్కడ తిరుగుతుందో తెలుసు, అక్కడ కాస్త తగ్గించు.

కింది గొంతుకి మాత్రం కంప్యూటర్ వద్దు. మీ అమ్మ చేత పాడించు. చిన్నప్పుడు నాతో పాటే నేర్చుకుంది, మంద్రస్థాయిలో దాని గొంతు ఎంత బాగుంటుందో నువ్వు వినలేదు. అడిగితే మొదట వద్దంటుంది. రెండోసారి అడుగు.

మీ పెద్ద మావయ్య