తూలి పడకుండా తాయ్ చీ

ప్రశ్న: మా నాన్నగారికి పార్కిన్సన్స్ వ్యాధి ఉంది, నడుస్తూ తూలుతున్నారు. నెమ్మదైన కదలికలతో చేసే చైనా సంప్రదాయ వ్యాయామం తాయ్ చీ మేలు చేస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం ఉందా?

జవాబు: ఉంది. అమెరికాలోని ఒరెగాన్‌లో 195 మంది రోగులపై జరిగిన పరిశోధన 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడింది. వారానికి రెండుసార్లు, గంట చొప్పున 24 వారాలు తాయ్ చీ సాధన చేసినవారు, బరువులతో వ్యాయామం చేసినవారి కన్నా, ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసినవారి కన్నా కూడా నిలకడలో మెరుగయ్యారు. పడిపోవడం మాత్రం సాగదీత బృందంతో పోల్చినప్పుడే స్పష్టంగా తగ్గింది. ఈ తేడాను దాచి ప్రచారం చేయడం రోగులకు అన్యాయం. శరీర భారాన్ని ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి నెమ్మదిగా, పూర్తి ధ్యాసతో మార్చడమే ఇందులోని ముఖ్య సాధన. ఇది వ్యాధిని నయం చేయదు కనుక మందులు ఆపవద్దు. న్యూరాలజిస్టు అనుమతితో, పక్కన ఒకరు తోడుండగా మొదలుపెట్టించండి.