డెట్రాయిట్ జనాభా 18 లక్షల నుంచి 6 లక్షలకు పడిపోయింది కదా, ఆ జనమంతా ఎటు పోయారు?

చాలామంది దూరమేం పోలేదండీ, ఊరి పొలిమేర దాటారు.

ముందు నా సంగతే చెప్తాను. 2012 నుంచి మేం డెట్రాయిట్ శివారు ఊరైన నోవైలో ఉంటున్నాం. మా అమ్మ మాత్రం పక్కింటివాళ్లతో "మావాడు డెట్రాయిట్‌లో ఉంటాడు" అంటుంది. ట్రాయ్, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే తెలుగువాళ్ల ఇళ్లలోనూ ఇదే మాట. సెన్సస్‌వాళ్లకి మాత్రం మేమెవరమూ డెట్రాయిట్ వాళ్లం కాదు.

1910లో అది 4.66 లక్షల ఊరు. 1914లో ఫోర్డ్ రోజుకి 5 డాలర్లు ఇస్తామనేసరికి జనం విరగబడ్డారు. 1930కి 15.7 లక్షలు, 1950కి 18.5 లక్షలు. అక్కడి నుంచి దిగుడే. అంతా 1967 జాతి అల్లర్ల వల్లే అనేవాళ్లు చాలామంది ఉన్నారుగానీ, 1960 సెన్సస్ నాటికే 1.8 లక్షల మంది తగ్గారు. ఫ్యాక్టరీలు శివార్లకు తరలాయి, ఫ్రీవేలు పడ్డాయి, ప్రభుత్వ హామీ ఉన్న ఇంటి లోన్లు దాదాపు తెల్లవాళ్లకే దొరికేవి. అల్లర్లతో ఆ వలస ఇంకా జోరందుకుంది. 2000-2010 మధ్య ఆఫ్రికన్ అమెరికన్ మధ్యతరగతి కూడా కదిలింది. ఆ పదేళ్లలో ఊరు నాలుగో వంతు జనాన్ని పోగొట్టుకుంది.

మా ఆఫీసులో రిటైర్మెంటుకు దగ్గరపడిన ఒకాయన తను పుట్టి పెరిగిన వీధి చూపిస్తానని ఈస్ట్ సైడ్ తీసుకెళ్లాడు. ఒక వరసలో మిగిలినవి మూడే ఇళ్లు. మధ్యలో నడుమెత్తు గడ్డి. ఒకచోట నాలుగు సిమెంటు మెట్లున్నాయి, ఎక్కితే ఇల్లు లేదు. "ఇదే మా వాకిలి" అన్నాడు. ఆయన ఇప్పుడుండేది సౌత్‌ఫీల్డ్‌లో, డెట్రాయిట్ ఉత్తరపు హద్దైన ఎయిట్ మైల్ రోడ్డుకి అవతల. అంటే ఆయనా ఆ లెక్కలోంచి పోయినట్టే.

శివార్లన్నీ కలిపి చూస్తే 1970లోనూ 2020లోనూ జనాభా 44 లక్షల దరిదాపుల్లోనే ఉంది. ఊరి హద్దు కూడా ముఖ్యమే. ఫీనిక్స్ 1950లో 17 చదరపు మైళ్లలో లక్షా చిల్లర జనం. చుట్టుపక్కల నేలంతా కలుపుకుంటూ 500 మైళ్లు దాటి 16 లక్షలకు చేరింది. 2007లో 12 మున్సిపాలిటీలు కలిశాక మన హైదరాబాద్ లెక్క మారిపోయినట్టే అనుకోండి. డెట్రాయిట్‌కి ఆ వీలు లేకపోయింది. 1926 నుంచి 139 మైళ్ల దగ్గరే ఆగిపోయింది. పైగా హామ్‌ట్రామిక్ అనే వేరే ఊరు దాని కడుపులోనే ఉంది!

2023 అంచనాల్లో మాత్రం, 1957 తర్వాత మొదటిసారి, జనాభా కాస్త పెరిగింది. మేమూ ఒకప్పుడు సిటీలో ఇల్లు చూశాం. పాత ఇటుక ఇల్లు, మా ఆవిడకి తెగ నచ్చింది. ఊళ్లో ఉన్నందుకు 2.4 శాతం సిటీ ఇన్‌కమ్ ట్యాక్స్ అన్నారు, సరేలే అనుకున్నాం. కారు ఇన్సూరెన్స్ కొటేషన్ చూశాక మళ్లీ నోవై దారే పట్టాం.