చిట్టీ పాడి కాంటెస్సాకు కొత్త సస్పెన్షన్ వేయించవచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ప్రైవేటు ఉద్యోగం, చేతికి 64 వేలు వస్తాయి. మా నాన్న 1994లో కొన్న పెట్రోల్ కాంటెస్సా క్లాసిక్ ఇప్పుడు నా దగ్గరుంది. ఇంజన్ బాగుంది, సస్పెన్షనే పోయింది. స్పీడ్ బ్రేకర్ దిగితే ముందువైపు టకటకమంటుంది, మలుపులో పక్కకు ఒరుగుతుంది, 80 దాటితే స్టీరింగ్ వణుకుతుంది. కాయిలోవర్లు (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన సెట్లు), పాలీయురేథేన్ బుష్‌లు (కీళ్ల దగ్గర రబ్బరు బదులు వేసే గట్టి ప్లాస్టిక్ తొడుగులు), వెనక యాంటీ రోల్ బార్ (మలుపులో ఒరుగును తగ్గించే కడ్డీ) వేసి, బండిని రెండంగుళాలు కిందికి దించి స్పోర్ట్స్ కారులా చేస్తామని హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాప్ వాళ్లు 2 లక్షల 10 వేలు చెప్పారు. నాకు 2 లక్షల చిట్టీ ఉంది. నెలకు 10 వేలు, 20 నెలల్లో 8 అయ్యాయి. దాన్ని ఇప్పుడే పాడుకోనా? లేక మా ఆవిడ బంగారం పెట్టి నూటికి రూపాయి వడ్డీకి తేనా? ఇంటి ఈఎంఐ 17,500. ఇంటి ఖర్చు, పాప చదువు కలిపి 30 వేలు. సిప్ 3 వేలు. బ్యాంకులో 60 వేలున్నాయి. పాత బండ్ల రేట్లు పెరుగుతున్నాయి కాబట్టి దీన్ని పెట్టుబడి అనుకోవచ్చా?

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతా లెక్కలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

పెట్టుబడి కాదు. హిందుస్థాన్ మోటార్స్ 1984లో మొదలుపెట్టిన కాంటెస్సా 2002లో ఆగిపోయింది కాబట్టి, బాగున్న బండికి గిరాకీ ఉన్న మాట నిజమే. అయితే అలాంటి బండి కొనేవాళ్లు ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉందా అని చూస్తారు. బ్రాకెట్లు వెల్డింగ్ చేసి, కిందికి దించిన బండిని చూస్తే వాళ్ల బేరం అక్కడే తగ్గుతుంది. మీరు 2 లక్షలు పెట్టి రేటు పెంచుతున్నాననుకుంటే, నిజానికి తగ్గిస్తున్నారు. ఆదాయపు పన్ను చట్టం కూడా సొంతానికి వాడుకునే కారును పెట్టుబడి ఆస్తిగా చూడదు. అమ్మితే లాభం మీద పన్ను లేదు, నష్టమొస్తే ఎక్కడా తగ్గించుకునే వీలూ లేదు. కాబట్టి ఇది ఖర్చు. నాన్నగారి బండి మీద ఇష్టంతో పెట్టే ఖర్చు. అందులో తప్పేమీ లేదు, నేనైతే అడ్డు చెప్పను. ఇష్టానికి పెట్టే పైసలు అప్పు తెచ్చి పెట్టకూడదు, నా అభ్యంతరం అంతవరకే.

బంగారం లెక్క చూడండి. నూటికి రూపాయి అంటే ఏడాదికి 12 శాతం. 2 లక్షల 10 వేలకు నెలకు 2,100 వడ్డీ, ఏడాదికి 25,200. మీ ఖర్చులన్నీ పోను నెలకు మిగిలేది 3,500. అందులోంచి వడ్డీ కడితే 1,400 ఉంటాయి. ఏడాది తిరిగేసరికి అసలు అలాగే ఉంటుంది, బంగారం తాకట్టులోనే ఉంటుంది, దాన్ని విడిపించడానికి మళ్లీ చిట్టీ వైపే చూస్తారు. అదే జరిగేటప్పుడు మధ్యలో ఈ 25 వేల వడ్డీ దేనికి?

ఇక చిట్టీ. మీ చిట్టీలో పాట ఎంతకు పోతోందో, అంటే పాడుకున్నవాళ్లు ఎంత వదులుకుంటున్నారో రాయలేదు. ఉదాహరణకు 36 వేలకు పోతోందనుకుందాం. మీ చేతికి 1,64,000 వస్తుంది. ఆ 36 వేలల్లో ఫోర్‌మన్ (చిట్టీ నడిపేవాడు) కమీషన్ 2 లక్షల మీద 5 శాతం లెక్కన 10 వేలు పోగా, మిగిలిన 26 వేలు 20 మందికి తలా 1,300 డివిడెండ్‌గా పోతుంది. మీ వాటా 1,300 మీకూ వస్తుంది, మిగతాది మీరు మిగిలిన సభ్యులకు కట్టిన వడ్డీ. చివరిదాకా ఆగితే కమీషన్ పోను 1,90,000 వస్తుంది. మధ్యలో కూడా నెలలు గడిచేకొద్దీ పాట తగ్గుతూ ఉంటుంది. పాడేవాళ్లకు తొందర ఉన్నప్పుడే మిగతా సభ్యులకు పండగ. మీ తొందరకు కారణం ఒక వర్క్‌షాప్ కొటేషన్ తప్ప మరేమీ లేదు. ఇంకో మాట, చిట్టీ రిజిస్టర్ అయిందో లేదో పాస్‌బుక్‌లో ఒకసారి చూసుకోండి. రిజిస్ట్రేషన్ లేని వీధి చిట్టీ అయితే మాత్రం ఆగమని నేను చెప్పను, పాట కాస్త దిగగానే ఎత్తేసి ఆ డబ్బు ఎఫ్‌డీలో వేసుకోండి.

ఇప్పుడు బండి దగ్గరకు వద్దాం. మీరు చెప్పిన మూడు లక్షణాలకు ఒకే మందు వేయమంటున్నారు వర్క్‌షాప్ వాళ్లు. నాకు తెలిసినంతలో ఆ మూడూ మూడు వేరే రోగాలు కావచ్చు. 80 దాటాక స్టీరింగ్ వణికితే ముందు అనుమానించాల్సింది వీల్ బ్యాలెన్సింగ్‌ను, టైర్లను. టైరు పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైందని. పండగలకే బయటకు తీసే బండికి టైరు అరగదు, కానీ రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. అలాంటి టైర్ల మీద ఎంత ఖరీదైన సస్పెన్షన్ వేసినా దండగే.

టకటక శబ్దం ముందువైపు ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్ల నుంచి రావడం మామూలు. ముందు చక్రాన్ని జాకీతో లేపి, కింద స్టాండ్ పెట్టించి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపమనండి. లూజు కనిపిస్తే బాల్ జాయింటో బేరింగో. కుడి ఎడమలు పట్టుకుని ఊపితే లూజు ఉందంటే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కీలు). మలుపులో ఒరగడానికి యాంటీ రోల్ బార్ రబ్బర్లు, షాక్ అబ్జార్బర్లు కారణం కావచ్చు. బానెట్ మూలను గట్టిగా నొక్కి వదిలితే ఒకసారి లేచి ఆగాలి, రెండు మూడు సార్లు ఊగిందంటే షాక్‌లు అయిపోయినట్టే. ఈ పరీక్షకు పార్టులు అమ్మని మెకానిక్‌ను పిలిచి, ఒక రోజు కూలీ ఇచ్చి రాయించుకోండి. అమ్మేవాడే రోగం చెబితే బిల్లు ఎప్పుడూ పెద్దదే అవుతుంది.

రైస్ మిల్లుల పుణ్యమా అని మీ ఊళ్లో లేత్ షాపులకు కొదవ లేదు. బుష్‌లు హైడ్రాలిక్ ప్రెస్ మీద దించమనండి, సుత్తితో కొట్టి దించనివ్వకండి. రబ్బరు బుష్‌లు వేస్తే బోల్టుల ఫైనల్ టైట్ బండి నేల మీద, చక్రాల మీద నిలబడ్డాకే చేయాలి. గాల్లో ఉండగానే బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలిపడి కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. పాలీయురేథేన్ గట్టిగా ఉంటుంది, ఎక్కువ కాలం వస్తుంది, కానీ కుదుపు లోపలికి తెలుస్తుంది. మీరు హాలియా మీదుగా సాగర్‌కో, దిండి దాటి శ్రీశైలం ఘాట్‌కో కుటుంబంతో వెళ్లే మనిషైతే రబ్బరే హాయి. స్పేర్లకు హైదరాబాద్‌లోని పుత్లీబౌలి, రాణిగంజ్ దుకాణాల్లో ముందు అడగండి. షాక్‌లు, స్ప్రింగులు ఎప్పుడూ జతగానే మార్చాలి. తీసిన పాతవి తుక్కుకు వేయకుండా డబ్బాలో దాచండి, రేపు అమ్మితే కొనేవాళ్లు అవే అడుగుతారు.

రెండంగుళాలు దించడం మాత్రం వద్దు. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్ల సంగతి మీకు చెప్పేదేముంది. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఆ మాటే గట్టిగా చెప్పింది. అరిగిన భాగం స్థానంలో అదే రకం కొత్తది వేస్తే ఏ ఇబ్బందీ లేదు. గ్యాస్ కట్టర్‌తో స్ప్రింగు కోసి దించుతామనే వాళ్లకైతే తాళం చెవే ఇవ్వకండి. ఆ వేడికి స్టీలు పదును పోయి, స్ప్రింగు ఎప్పుడు విరుగుతుందో తెలియదు.

డబ్బు ఇలా సర్దండి. టైర్లు పాతబడి ఉంటే అవి ఆగే పని కాదు. బ్యాంకులోని 60 వేలల్లోంచి 20 వేలకు మించకుండా తీయండి. నెలకు మిగిలే 3,500లో 2,500 బండికని వేరే ఖాతాలో వేయండి, వెయ్యి బ్యాంకు నిల్వకు. ఈ 12 నెలల్లో జమయ్యే 30 వేలతో బుష్‌లు, బాల్ జాయింట్లు, అలైన్‌మెంట్ చేయించండి, ఏది ముందు పోయిందో మెకానిక్ రాసిచ్చిన దాన్ని బట్టి. షాక్‌లు, స్ప్రింగులు చిట్టీ అయ్యాక.

చిట్టీ డబ్బు వచ్చాక కూడా మొదటి వాటా బండిది కాదు. మీ ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి నెలకు 47,500. ప్రైవేటు ఉద్యోగానికి మూడు నెలల ఖర్చయినా చేతిలో ఉండాలి, అంటే 1,42,500. బ్యాంకులో ఉన్నది పోను తక్కువపడేది ముందు నింపండి. ఆ తర్వాత బండికి 60 వేల దగ్గర గీత గీయండి. చిట్టీ అయిపోయాక నెలకు 10 వేలు ఖాళీ అవుతాయి కాబట్టి ఇంకేమైనా మిగిలితే అప్పుడు చేసుకోవచ్చు.

బండి నడవకపోయినా అయ్యే ఖర్చులు రెండున్నాయి. మీది 1,817 సీసీ ఇంజన్ కాబట్టి, 2022 నుంచి అమల్లో ఉన్న రేటులో థర్డ్ పార్టీ ప్రీమియం 7,897, జీఎస్టీతో 9,318. ఏపీ 24 నంబరుతో 1994లో రిజిస్టర్ అయి ఐదేళ్లకోసారి రెన్యువల్ అవుతూ వచ్చిందంటే, వచ్చే గడువు 2029. 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజును 2025 ఆగస్టులో 10 వేలు చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. సొంత డ్యామేజీకి కూడా పాలసీ తీసుకుంటే, ఐదేళ్లు దాటిన బండి విలువను కంపెనీ, మీరు మాట్లాడుకుని ఖాయం చేసుకునే వీలుంది. ఫొటోలు, బిల్లులు చూపించి అడగండి. మార్పులేవైనా చేయించి ఉంటే రాతపూర్వకంగా చెప్పండి, లేకపోతే క్లెయిమ్ రోజున అదే సాకు అవుతుంది.

వర్క్‌షాప్‌కు అడ్వాన్స్ ఇవ్వకపోతే ఇక ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే, కాయిలోవర్ల బదులు ఆ మేరకు బుష్‌ల పని చేసిపెట్టమని అడగండి. పాప పేరు మీద ఉందో మీ పేరు మీద ఉందో రాయలేదు కానీ, ఆ 3 వేల సిప్‌ను మాత్రం ఏ నెలా బండి కోసం ఆపకండి.