తొలి సమీక్ష రాయబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

షికాగోలో ఆ సంగీత పత్రికవాళ్లు నీకు ఒక ఆల్బమ్ ఇచ్చి సమీక్ష రాయమన్నారని తెలిసి చాలా సంతోషించాను. నలుగురు సభ్యుల బృందం, రికార్డులు విడుదల చేసే చిన్న లేబుల్, వాళ్ల మొదటి ఆల్బమ్. పదికి ఎన్ని మార్కులు వేయాలో తేలడం లేదని రాశావు. మార్కుల సంగతి అన్నిటికన్నా చివర చూసుకో. ముందు ఆ పాటల్లో నీకేం వినిపించిందో రాయి. ఇన్నేళ్లుగా సంగీతం గురించి రాస్తూ, ఇతరులు రాసింది చదువుతూ నేను గట్టిగా నమ్మేది ఇదొక్కటే.

నువ్వు ఉంటున్న ఊరితో సంబంధం ఉన్న బృందం సంగతే చెబుతాను. స్లింట్ అనే బృందం కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌ది. అందరూ ఇరవై ఏళ్ల అటూ ఇటూ కుర్రాళ్లు. 1990 ఆగస్టులో షికాగో స్టూడియోలో కొద్ది రోజుల్లోనే ‘స్పైడర్‌ల్యాండ్’ రికార్డు చేశారు. ఉన్నవి ఆరు పాటలే. 1991 మార్చిలో టచ్ అండ్ గో అనే షికాగో లేబుల్ దాన్ని విడుదల చేసేనాటికి బృందం విడిపోయింది. ఊరూరా కచేరీలు చేసి జనానికి వినిపించేవాళ్లు లేరు. అమెరికాలో దాన్ని పట్టించుకున్నవాళ్లు బహు తక్కువ. బ్రిటన్‌లో అప్పట్లో వెలువడిన మెలొడీ మేకర్ వారపత్రికలో మాత్రం సంగీతకారుడు, రికార్డింగ్ ఇంజనీరు స్టీవ్ అల్బినీ దానికి ఏకంగా పది నక్షత్రాలు ఇచ్చాడు. పదేళ్లలో ఇది మైలురాయిగా నిలుస్తుందని, అప్పుడు కాపీ కోసం వెతుక్కోవలసి వస్తుందని రాశాడు. అలాగే జరిగింది. తరువాతి కాలంలో పోస్ట్ రాక్ అని పిలుచుకున్న సంగీతానికి మూలాలు వెతికేవాళ్లు ఆ ఆల్బమ్ దగ్గర ఆగక తప్పదు.

ఈ కథ చెప్పేవాళ్లందరూ పది నక్షత్రాలనూ, ఫలించిన జోస్యాన్నీ తలచుకుంటారు. నాకు ముఖ్యమైనది వేరు. ఆ సంగీతం వింతగా ఉందని దాచకుండా, అందులోని నిరాడంబరతే దాని బలమని ఆయన పసిగట్టి చెప్పాడు. నువ్వూ ఒకసారి విను. గాయకుడు చాలా చోట్ల పాడడు, పక్కవాడికి కథ చెబుతున్నంత తక్కువ గొంతుతో మాట్లాడతాడు. గిటార్లు పొడిగా, ఒక్కొక్క తీగె విడిగా తెలిసేలా మోగుతాయి. లయ మనకు అలవాటైన నాలుగు లెక్కలో స్థిరంగా కూర్చోదు. ఐదు, ఏడు లెక్కల్లోకి వెళ్తుంది. కర్ణాటక సంగీతం విని పెరిగావు కాబట్టి ఖండ, మిశ్ర గతులు నీ చెవికి వెంటనే అందుతాయి. అది నీకున్న లాభం, సమీక్షలో వాడుకో. దాదాపు వినిపించనంత నెమ్మది నుంచి ఒక్కసారిగా హోరు లేస్తుంది. చివరి పాటలో, అంతసేపూ అణచుకున్న గొంతు కేకగా బయటపడుతుంది. ఇంత చెబితే వినని పాఠకుడికి కూడా ఆ ఆల్బమ్ తనకు పనికొస్తుందో లేదో తెలుస్తుంది. ‘అద్భుత ప్రయోగం’ అని రాస్తే ఏమీ తెలియదు. మనం సినిమా సమీక్షల్లో ‘పాటలు వినసొంపుగా ఉన్నాయి, నేపథ్య సంగీతం ఫర్వాలేదు’ అన్న వాక్యాలు చదివి పెరిగాం. ఆ అలవాటు నీ కలంలోకి రానీయకు.

ఇంకో విషయం. స్లింట్ మొదటి ఆల్బమ్ ‘ట్వీజ్’ను రికార్డు చేసింది అల్బినీయే. అంటే ఆయనకు ఆ బృందం కొత్త కాదు. చిన్న బృందాల లోకంలో అందరికీ అందరూ తెలుసు, అది తప్పించుకోలేం. రేపు నీకూ ఆ బృందంలో ఎవరితోనో పరిచయం ఏర్పడుతుంది. పరిచయం ఉంటే పాఠకుడికి ఒక్క వాక్యంలో చెప్పి రాయి. ప్రాణస్నేహితులైతే మాత్రం వద్దని సంపాదకుడికి చెప్పు.

మార్కుల గురించి నీ బెంగ తీరడానికి న్యూట్రల్ మిల్క్ హోటల్ అనే బృందం ఉదాహరణ చాలు. వాళ్ల ‘ఇన్ ది ఏరోప్లేన్ ఓవర్ ది సీ’ని మెర్జ్ లేబుల్ 1998 ఫిబ్రవరిలో తెచ్చింది. బాకాలు, కమానుతో వాయించే రంపం, వాటి మధ్య గొంతు చించుకుని పాడే జెఫ్ మాంగమ్. రోలింగ్ స్టోన్ పత్రిక ఐదింట మూడు నక్షత్రాలతో సరిపెట్టింది. పిచ్‌ఫోర్క్ అనే వెబ్ పత్రిక పదికి 8.7 ఇచ్చింది. 2005లో మళ్లీ విడుదలైనప్పుడు అదే పిచ్‌ఫోర్క్ 10 ఇచ్చింది. పాటల్లో ఒక్క స్వరం కూడా మారలేదు. ఈలోగా మాంగమ్ జనానికి దూరమై మౌనంగా ఉండిపోయాడు, ఆ మౌనం చుట్టూ కథలు అల్లుకున్నాయి. ఆల్బమ్ చేతులు మారుతూ కొత్త శ్రోతలను సంపాదించుకుంది. మొదటి సమీక్షకుడు పొరబడ్డాడని నేను అనుకోను. ఆ రోజు తనకు వినిపించిన దానికి అతను మార్కులు వేశాడు. కాబట్టి ఇరవై ఏళ్ల తరువాత లోకం ఏమంటుందో ఊహించి నువ్వు ఇప్పుడు మార్కులు వేయవద్దు. అలాగే బృందం వెనుక కథ ఎంత బాగున్నా, సమీక్షలో సగానికి పైగా చోటు పాటలకే దక్కాలి.

ఇక కఠినంగా రాయడం. డిస్‌మెంబర్‌మెంట్ ప్లాన్ బృందం ఆల్బమ్‌ను పిచ్‌ఫోర్క్ 1999లో ఆ ఏటి మేటిగా నిలబెట్టింది. ఆ బృందం గాయకుడు ట్రావిస్ మారిసన్ 2004లో సొంతంగా ‘ట్రావిస్టాన్’ తెస్తే, అదే పిచ్‌ఫోర్క్ 0.0 వేసింది. అంతకుముందు ఉత్సాహం చూపిన కాలేజీ రేడియోలు వెనక్కి తగ్గాయి. అమ్మడానికి ఇష్టపడని దుకాణం కూడా ఉంది. పెద్ద కంపెనీ వెనుక ఉన్న గాయకుడికి చెడ్డ సమీక్ష ఒక రోజు తలనొప్పి. చిన్న లేబుల్‌కు అదే బతుకుతెరువు మీద దెబ్బ. అందుకని అబద్ధం చెప్పమనడం లేదు. పాట బాగా లేకపోతే బాగా లేదనే రాయి. ఏ పాట, ఎక్కడ, ఎందుకు తేలిపోయిందో చూపించు. మనిషిని వెక్కిరించకు, సున్నా వేసి చప్పట్లు కొట్టించుకోవాలని చూడకు.

అతి పొగడ్త కూడా అంతే ప్రమాదం. ఫ్లోరిడాకు చెందిన బ్లాక్ కిడ్స్ అనే బృందం 2007లో నెట్‌లో పెట్టిన నాలుగు పాటలకు పిచ్‌ఫోర్క్‌లో 8.4 వచ్చింది, వాళ్లను అందరూ భుజాన ఎత్తుకున్నారు. మరుసటి ఏడాది పూర్తి ఆల్బమ్ వస్తే 3.3 వేసి, సమీక్ష ఉండాల్సిన చోట రెండు కుక్కల బొమ్మ పెట్టి క్షమాపణ మాట ఒకటి రాశారు. ఆ పని చూస్తే నాకు ఈరోజుకీ కోపం వస్తుంది. పాటలు నచ్చలేదని చెప్పడానికి నాలుగు వాక్యాలైనా ఖర్చు పెట్టని చోట సమీక్ష అన్న పేరెందుకు?

నువ్వు కూర్చునేటప్పుడు లేబుల్ పంపిన పరిచయ పత్రం పక్కన పెట్టు, ముందు పాటలు విను. ఒకసారి హెడ్‌ఫోన్లలో, ఒకసారి గదిలో స్పీకర్ మీద. తొలి వినికిడిలో తోచినవి తేదీ వేసి రాసుకో, నాలుగు రోజుల తరువాత మళ్లీ విని ఏవి నిలిచాయో చూడు. ఫలానా బృందంలా ఉంది అన్న పోలిక ఒక్కటి చాలు, రెండోది రాగానే పాఠకుడు నీ జ్ఞానాన్ని చూస్తాడు, పాటను కాదు. డ్రమ్స్ వాయించిందెవరు, రికార్డు చేసిందెవరు, ఎక్కడ చేశారు, అన్నీ ఆల్బమ్ అట్ట మీద చూసి సరిచూసుకో. పేరు తప్పు రాస్తే ఆ కుర్రాళ్లు మిగతా సమీక్షను నమ్మరు. నమ్మకపోవడమే న్యాయం.

మార్కు వేయకుండా చిత్తు ప్రతి నాకు పంపు. అది చదివితే నువ్వు ఎంత వేయబోతున్నావో నాకు తెలియాలి. తెలియకపోతే ఏ పేరా దగ్గర తెలియలేదో గుర్తుపెట్టి తిరిగి పంపుతాను.

ఆశీస్సులతో,
మామయ్య