సాయంత్రం ఐదు దాటాక నువ్వెక్కడుంటావు?

అమ్మలూ,

కాకినాడ జేఎన్‌టీయూలో సీటొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసినప్పుడు పక్కింటివాళ్లు ఏమైందోనని పరిగెత్తుకొచ్చారు, నేను అంతలా అరిచాను. మర్నాడే మీ నాన్న ఫోన్. సీటు సంగతి రెండు ముక్కల్లో అయిపోయింది. మిగతా అరగంటా నిన్ను కాలేజీ హాస్టల్లో వెయ్యాలా, బయట ప్రైవేట్ హాస్టల్లో చేర్చాలా, రోజూ ఇంటి దగ్గర్నుంచే పంపాలా అన్నదాని మీదే. "నువ్వు చెబితే వింటుంది వదినా" అన్నాడు. నేను చెప్పేది ఆయనకి అంతగా నచ్చదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఆయనకీ చదివి వినిపించు.

ముందు ఇంటి నుంచి వెళ్లే మాట తేల్చేద్దాం. మీ నాన్న లెక్కలో తప్పేం లేదు. ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటించే పంటి ఎక్కితే కోటిపల్లి, అక్కణ్ణుంచి ద్రాక్షారామం మీదుగా కాకినాడ, సుమారు 45 కిలోమీటర్లు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకి టిక్కెట్టు కూడా లేదాయె. డబ్బులు మిగులుతాయి, కాదనను. కానీ ఆ రేవు సంగతి మీ నాన్నకి నేను చెప్పాలా? ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైంది, మొదటి హెచ్చరిక ఇచ్చారని టీవీలో చెప్పే రోజుల్లో పంటి కట్టేసి ఉంటుంది. అప్పుడు ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి. గోదావరికి వరదలొచ్చేది జులై, ఆగస్టుల్లో. నీకు క్లాసులు మొదలయ్యేదీ ఇంచుమించు అప్పుడే.

వరద లేని రోజున మాత్రం ఏం బాగు? సాయంత్రం క్లాసు అవుతూనే బస్సు కోసం పరుగు, ఆ తర్వాత పంటి దొరుకుతుందో లేదోనన్న టెన్షన్. ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తినేసరికి కళ్లు మూతలు పడతాయి.

అసలు నేను చెప్పదలుచుకున్నది ఇదే. పొద్దున్న తొమ్మిది నుంచి నాలుగున్నర దాకా క్లాసులో అందరూ ఒక్కచోటే కూర్చుంటారు. హాస్టల్ పిల్లకీ బస్సు పిల్లకీ తేడా వచ్చేది ఐదు నుంచి పది మధ్యలో. లైబ్రరీలో కూర్చోవడం, ల్యాబ్‌లో అర్థం కానిది సీనియర్‌ని అడిగి చెప్పించుకోవడం, ఊరికే మెట్ల మీద కూర్చుని కబుర్లాడటం, అన్నీ ఆ ఐదు గంటల్లోనే. ఎక్కడుండాలో ఆ ఐదు గంటల్ని చూసి ఎంచుకో.

ఇది నాకు తెలిసొచ్చిన తీరు వింటే నవ్వుతావు. నేను డిగ్రీ చదవడానికి కాకినాడ వెళ్లినప్పుడు మన ఊరి పిల్లలం నలుగురం కలిసి ఒక ఇంట్లో వెనక వాటా తీసుకున్నాం. హాస్టల్ తిండి పడదని మా అమ్మ భయం. "మనవాళ్లంతా ఒకచోట ఉంటారు" అని నాన్న ధైర్యం. మనవాళ్లు అంటే ఎవరో నీకు వేరే చెప్పక్కర్లేదుగా. ఏడాదంతా ఆ నలుగురి మొహాలే చూసుకున్నాం. మన ఊరి కబుర్లే, మన ఊరి కూరలే. ఇంటావిడ రాత్రి ఎనిమిదికి గేటుకి తాళం వేసేది, పంపు కట్టేసేది. నవంబరులో వాయుగుండం పట్టి రెండు రోజులు వదలకుండా వాన కురిస్తే వీధి కాలవ నీళ్లు గదిలోకొచ్చాయి. నా పుస్తకాలు మంచం కింద ట్రంకు పెట్టెలో ఉన్నాయి. లెక్కల నోట్సు తీసి చూస్తే సిరా అంతా కారిపోయి నీలం మరకలు మిగిలాయి. మా క్లాసులో ఇంకెవరితోనూ పరిచయం లేదు, నోట్సు అడగడానికి మొహం చెల్లలేదు. ఆ పేపరు పోయింది. వాన వల్ల పోయిందని ఇంట్లో చెప్పాను. ఇన్నాళ్లకి నీకు నిజం చెబుతున్నాను.

కాబట్టి మొదటి ఏడాది క్యాంపస్ లోపలి హాస్టలే నా ఓటు. అడ్మిషన్ రోజునే దరఖాస్తు పెట్టెయ్యి. గది చిన్నది, ముగ్గురు నలుగురుంటారు, బాత్రూము దగ్గర క్యూ. ఉండనీ. గదిలో మన ఊరి పిల్లే కావాలని మాత్రం అడగకు. శ్రీకాకుళం పిల్లో, అనంతపురం పిల్లో పడితే అదృష్టం అనుకో. వాళ్ల పచ్చళ్లు కూడా తినొచ్చు.

మెస్‌లో డివైడింగ్ సిస్టమ్ ఉందో లేదో కనుక్కో. ఉంటే నెల ఖర్చు మొత్తాన్ని పిల్లల మీద పంచి బిల్లు వేస్తారు. ఇంటికెళ్లిన రోజులకి మెస్ కట్ ఎలా ఇస్తారో కూడా అడుగు. తిండి గురించి ఇంతకన్నా రాయను. ఏ మెస్‌లోనైనా పప్పుచారు పప్పుచారే.

మీ అమ్మ భయమంతా ర్యాగింగ్ గురించి. దాన్ని తేలిగ్గా తీసెయ్యను, ఆరేళ్లు హాస్టల్ వార్డెన్‌గా చేశాను. మన రాష్ట్రంలో 1997 నుంచే దాని మీద చట్టం ఉంది. 2009 యూజీసీ నిబంధనల ప్రకారం కొత్తవాళ్లని వీలైనంతవరకు వేరే బ్లాకులో ఉంచాలి. అది కుదరని చోట సీనియర్లు వాళ్ల గదుల వైపు రాకుండా వార్డెన్లు, గార్డులు కాపలా చూసుకోవాలి. హాస్టల్ చూడటానికి వెళ్లినప్పుడు ఫస్టియర్ బ్లాక్ ఎక్కడని అడుగు, రాత్రిపూట వార్డెన్ లోపలే ఉంటారా అని కూడా అడుగు. 1800-180-5522 నంబరు ఫోన్లో వేసుకో, ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది.

లోపల సీటు దొరక్కపోతే బయట హాస్టలే గతి. అప్పుడు వీలైనంతవరకు కాలేజీ గేటుకి నడిచి వెళ్లేంత దూరంలో, నాగమల్లితోట చుట్టుపక్కల వెతుకు. భానుగుడిలో ఏసీ గది ఉంది, సర్పవరంలో లిఫ్టు ఉంది అంటే మొగ్గకు. గేటుకి తాళం ఎన్నింటికి వేస్తారు, లైబ్రరీ నుంచి ఆలస్యంగా వస్తే తీస్తారా, మధ్యలో ఖాళీ చేస్తే అడ్వాన్సు ఎంత వెనక్కిస్తారు, ఈ మూడూ డబ్బు కట్టకముందే అడుగు. అడ్వాన్సు మాట కాగితం మీద రాయించు.

చూడటానికి ఆదివారం పొద్దున్న పదకొండింటికి వెళ్లకండి. నేను వార్డెన్‌గా ఉన్నప్పుడు తల్లిదండ్రులంతా సరిగ్గా అప్పుడే వచ్చేవాళ్లు. ఫినాయిల్ వాసన, కడిగిన నేల, నవ్వుతూ నేను. రంగులూ టైల్సూ చూసి వెళ్లిపోయేవాళ్లు. ఒక్క తాతగారు మాత్రం మనవరాలిని వెంటబెట్టుకుని రాత్రి ఏడున్నరకి వచ్చాడు. పంచె ఎగగట్టి తిన్నగా కుళాయి దగ్గరికి నడిచాడు. దోసిట్లో నీళ్లు పట్టి, నాలికతో రుచి చూసి, పక్కకి ఉమ్మేసి, "ఉప్ప" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. వారంలో మంచినీళ్ల లైను వేయించాం.

నువ్వూ రాత్రి ఏడు దాటాకే వెళ్లు. సముద్రం పక్క ఊరు, బోరు నీళ్లు ఉప్పగా ఉండే చోట్లు చాలా ఉంటాయి. ఎండాకాలంలో కాలువలు కట్టేశాక మంచినీళ్లు ఎలా తెప్పిస్తారో అడుగు. మేలో పరీక్షలు పడితే ఆ జవాబు విలువ తెలుస్తుంది. ఎవరైనా సెకండియర్ పిల్ల కనబడితే ఆగి మాట్లాడు. ఆఫీసులో చెప్పిందంతా ఆ పిల్ల చెప్పేదానితో సరిచూసుకో.

గది ఎంచుకునే వీలుంటే మధ్య అంతస్తు అడుగు. కింద వాన నీళ్లు, పైన మే నెల డాబా వేడి. కిటికీ దక్షిణానికో తూర్పుకో ఉంటే సాయంత్రం పైరగాలి తగులుతుంది. మోటారు పక్క గది వద్దు, తెల్లవారుజామున నాలుగింటికి అది నిద్ర లేపుతుంది.

వారం వారం ఇంటికి పరిగెత్తకు. రెండు వారాలకోసారి శనివారం రా, చాలు. మీ నాన్న బెంగ పెట్టుకుంటే నేను మాట్లాడతాను. దోమతెర కొనేశాను, కాకినాడ దోమల సంగతి నాకు బాగా తెలుసు. మంచం సింగిలా, ఒకదాని మీదొకటి ఉండేదా కనుక్కుని ఫోన్ చెయ్యి. దాన్నిబట్టి తాళ్లు కుట్టి పంపిస్తాను.

మీ పెద్దమ్మ