క్లాక్ సరిగ్గానే ఉన్నా స్కోరు పడిపోతే క్యాష్ చూడండి

బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవగానే నడిచే, హార్డ్‌వేర్ సెట్టింగ్స్ ఉండే ప్రోగ్రామ్) ఏవో సెట్టింగ్స్ మార్చాక ప్రాసెసర్ 3 గిగాహెర్ట్జ్ అనే చూపిస్తోందనీ, స్పీడ్ టెస్టులో మాత్రం స్కోరు పదో వంతు కూడా రావట్లేదనీ అన్నారు కదా. చిప్ పాడైందని టెన్షన్ పడకండి. నా అనుమానం క్యాష్, అంటే తరచూ వాడే డేటాను ప్రాసెసర్ దగ్గరే ఉంచే చిన్న, వేగమైన మెమరీ, ఆఫ్ అయిందని.

ప్రాసెసర్‌కు అతి దగ్గరున్న ఎల్1 క్యాష్ నుంచి డేటా నాలుగైదు క్లాక్ సైకిళ్లలో (ఒక్కో సైకిల్ అంటే క్లాక్ ఒకసారి కొట్టుకోవడం) వచ్చేస్తుంది. అదే క్యాష్ ఆఫ్ అయి ర్యామ్ దాకా వెళ్తే, 80 నానోసెకన్లు అనుకున్నా, మీ క్లాక్ మీద 240 సైకిళ్లు. డేటాకే కాదు, ఇన్‌స్ట్రక్షన్లకూ ఇదే గతి. చిన్న లూప్ లక్షసార్లు తిరిగితే లక్షసార్లూ ర్యామ్ నుంచి తెచ్చుకోవాలి. అందుకే మెమరీతో పెద్దగా పనిలేని లెక్కల టెస్టు కూడా కుప్పకూలుతుంది. క్లాక్ మాత్రం మామూలుగానే కొట్టుకుంటుంది, ప్రాసెసర్ ఖాళీగా ఎదురుచూస్తుంటుంది.

సిస్టమ్ సమాచారంలో క్యాష్ సైజు కనిపిస్తోంది కదా అని నమ్మొద్దు. అది చిప్‌లో ఎంత ఉందో చెబుతుంది, పనిచేస్తోందో లేదో చెప్పదు. దానికన్నా సీ భాషలో చిన్న ప్రోగ్రామ్ రాయండి (పైథాన్ వద్దు, దాని సొంత భారంలోనే తేడా కలిసిపోతుంది). 16 కిలోబైట్ల అరేలో (మెమరీలో విలువల వరుస) ఒక్కో విలువ తర్వాత చదవాల్సిన చోటును చూపేలా పెట్టి, గజిబిజి వరుసలో చదువుతూ పోవాలి. ఒక్కో రీడ్‌కు ఒకటి రెండు నానోసెకన్లు పడితే క్యాష్ బాగానే ఉన్నట్టు. పదుల్లోనో వందల్లోనో వస్తే దొంగ దొరికినట్టే.

అప్పుడు బయోస్‌లో డిఫాల్ట్ సెట్టింగ్స్ లోడ్ చేయండి. పాత బోర్డుల్లో ఇంటర్నల్ క్యాష్, ఎక్స్‌టర్నల్ క్యాష్ అని రెండు ఆప్షన్లుంటాయి, రెండూ ఆన్‌లో ఉండాలి. ఈలోగా తీసిన స్కోర్లు వేరే మెషీన్లతో పోల్చకండి.