స్పీడ్ బ్రేకర్ మీద బైక్ ముందు నుంచి టక్‌మంటోంది, ఫోర్కులు మార్చాలా?

తమ్ముడూ, పొదిలి నుంచి అడిగావు. స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడూ, ముందు బ్రేక్ పట్టినప్పుడూ టక్‌మంటోంది, ఆయిల్ మాత్రం కారడం లేదు, మెకానిక్ ఫోర్కులు (ముందు చక్రానికి రెండు పక్కలా ఉండే షాకబ్జార్బర్ గొట్టాలు) రెండూ మార్చాలంటున్నాడు అన్నావు. డబ్బు కట్టే ముందు ఇంటి దగ్గర ఒక పావుగంట చూసుకో. నాకైతే ఇది ఫోర్కుల తప్పు కాదు, కోన్ సెట్టు (హ్యాండిల్ తిరగడానికి ఫ్రేమ్ మెడలో ఉండే గోళీల బేరింగు) వదులైందనిపిస్తోంది.

బండిని స్టాండు తీసి నిలబెట్టు. ముందు బ్రేక్ గట్టిగా పట్టి హ్యాండిల్‌ని ముందుకీ వెనక్కీ తొయ్యి. ఫోర్కులు రెండింటినీ పైన కలిపే టీ ఫ్రేమ్‌లోకి దూరే చోట ఇంకొకరిని వేలు ఆనించి చూడమను. శబ్దం వచ్చినప్పుడల్లా అక్కడ కదలిక తగిలితే కోన్ సెట్టే. అక్కడ కాకుండా ఫోర్కు రాడ్డు కింది గొట్టంలోకి దిగే చోట ఆడుతుంటే లోపల బుష్‌లు (రాడ్డు ఆడకుండా పట్టి ఉంచే రింగులు) అరిగినట్టు. డిస్క్ బండ్లలో బ్రేక్ ప్యాడ్లు కూడా కొంచెం టిక్‌మంటాయి, దానికి టెన్షన్ పడకు.

ఇప్పుడు మెయిన్ స్టాండు వేసి వెనక సీటు మీద ఒకరిని కూర్చోబెట్టు, ముందు చక్రం లేస్తుంది. హ్యాండిల్‌ని వేళ్లతో మెల్లగా అటూ ఇటూ తిప్పు. చక్రం తిన్నగా ఉండే చోట గుంటలో పడ్డట్టు ఆగితే, లోపలి గోళీలు కప్పుల్లో గుంటలు చేసేశాయి. దాన్ని బిగించి లాభం లేదు, సెట్టు మార్చాల్సిందే. వదులు మాత్రమే ఉంటే బిగిస్తే చాలు. మరీ బిగిస్తే హ్యాండిల్ బిర్రుగా తిరుగుతుంది, బండి తిన్నగా పోదు.

ఫోర్కుల సంగతికొస్తే, బ్రేక్ పట్టి ముందు భాగాన్ని కిందికి నొక్కి వదులు. పైకి లేచి కుదురుకోవాలి. రెండు మూడుసార్లు ఊగితే ఆయిల్ తగ్గినట్టు, లేదా పలచబడినట్టు.

ఆయిల్ సీళ్ల (ఫోర్కుల్లోని ఆయిల్ బయటికి కారకుండా ఆపే రబ్బరు రింగుల) విషయంలో నేను దెబ్బ తిన్నాను. మాది ఇందుకూరుపేట వైపు. రొయ్యల గుంటల మీదికి రోజూ బండి మీదే పోతాను. సీళ్లు మార్పించిన రెండు నెలలకే మళ్లీ కారాయి. సీళ్లు మంచివి కావనుకుని ఇంకో జత వేయించాను, అవీ నిలబడలేదు. ఒకరోజు రాడ్డు తుడుస్తుంటే గోరుకి గరుగ్గా తగిలింది. ఉప్పు గాలికి పడిన తుప్పు చుక్కలు. అవే కొత్త రబ్బరుని ప్రతిసారీ కోస్తున్నాయి. రాడ్లు మార్చాక గాని ఆగలేదు. ఆ ఆయిల్ డిస్కు మీదికి జారితే బ్రేక్ పట్టదు, అప్పుడు బండి తియ్యకూడదు. మీ వైపు ఉప్పు గాలి లేకపోయినా దుమ్ము ఉంటుంది కదా, రాడ్లు మెత్తటి గుడ్డతో తుడుస్తూ ఉండు.

షెడ్డుకి పోయినప్పుడు ముందు కోన్ సెట్టే చూడమను. ఫోర్కులు మార్చాల్సిందేనంటే, ఎక్కడ ఆడుతోందో నీ ముందు బ్రేక్ పట్టి తోసి చూపించమను.